చేతిచక్రములా, బ్యాటరీచక్రములా?

బళ్లారి నగరమునకు ఈశాన్యముగా, హగరి యని జనులు పిలుచు వేదవతీనదికి చేరువలో నున్న మోక వంటి గ్రామమున, చెట్టుమీదినుండియో మిద్దెమీదినుండియో పడి, లేదా మోటారుసైకిలు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింది బలమంతయు కోల్పోయిన యొక యువకుడు నెలల తరబడి ఆసుపత్రిలో నుండి యింటికి మరలినప్పుడు, బంధువులు వైద్యుని అడుగు మొదటి ప్రశ్న "మళ్లీ నడుస్తాడా, సార్?" అనునది. కాలము గడచిన కొలది ఆ ప్రశ్నకు సమాధానము తేటపడిన పిమ్మట, కుటుంబము తనలో తాను వేసికొను రెండవ ప్రశ్న "చేత్తో తిప్పుకునే కుర్చీ కొందామా, బ్యాటరీది కొందామా?" అని. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుటకు శాస్త్రము చదివిన వైద్యుడున్నాడు. రెండవదానికి జవాబు చెప్పువారు దుకాణదారుడు, వికలాంగుల శిబిరమున వస్తువులు పంచు ఉద్యోగి, ఫోనులో వీడియో చూచి వచ్చిన మేనబావ. ఆ మనుష్యుడు ఇకముందు బడికో పనికో పోగలడా, తన పెరటిలోనికి తానే పోగలడా, లేక మంచమునకే పరిమితుడగునా యను సంగతిని ఈ రెండవ ప్రశ్నయే అధికముగా నిర్ణయించునని నా నిశ్చితాభిప్రాయము. అట్టి ప్రశ్నను చేతికి దొరకినవారి మాటకు వదలివేయుట న్యాయము కాదు.

మోకను ఎన్నుకొనుటకు కారణము కలదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు పూర్వపు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చెను. బళ్లారి తాలూకాయు, దానితో మోకయు నేటి కర్ణాటకమగు మైసూరు రాష్ట్రమున చేరెను. రాష్ట్రములు వేరైనను చుట్టరికములు వేరు కాలేదు. నేటికిని అచ్చటి యిండ్లలో కన్నడము, తెలుగు రెండును వినబడును, సంబంధములు ఆలూరు, ఆదోని, గుంతకల్లు వైపునకు సాగుచునే యున్నవి. ఆ ప్రాంతపు నేల నల్లరేగడి. ప్రత్తియు మిరపయు పండును. తుంగభద్ర కాలువనీరు పాఱిన చోట వరి పండును. వేసవిలో ఆ నేల బీటలు వాఱును. వాన పడినంతనే జిగురై, చక్రమును పట్టుకొని వదలదు. పాత మట్టిమిద్దెలకు వీథికంటె ఎత్తయిన అరుగు, అరుగు దాటినంతనే గడప, గడప వెనుక ఇఱుకైన తలుపు, పెరటిలోని మరుగుదొడ్డికి మరియొక మెట్టు. దుకాణములోని నున్నని టైల్సుపై కుర్చీని నడిపి చూపువాడు ఈ నేలను గాని ఈ యింటిని గాని చూచియుండడు. కుర్చీ మాత్రము ఈ నేలమీదనే, ఈ యింటిలోనే నడువవలసియున్నది.

ఈ నిర్ణయములో మొట్టమొదట అడ్డుపడునది ధరనుబట్టి వస్తువునకు గౌరవము కట్టు మన అలవాటు. బ్యాటరీ కుర్చీ ఖరీదైనది కావున అది గొప్పదనియు, చేతికుర్చీ చౌక కావున అది గతిలేనివారిదనియు తలచెదము. బెంగుళూరులో సంపాదించు అన్న తమ్మునిమీది ప్రేమకొలది డబ్బు పంపినచో బ్యాటరీ కుర్చీయే వచ్చి దిగును. ఆ ప్రేమను నేను తక్కువచేయను. కాని ఆ కుర్చీ తలుపున పట్టక వసారాలో నిలిచిపోయి, కొంతకాలమునకు దుప్పటి కప్పబడి, దానిపై గోనెసంచులు చేరుట ఏ పల్లెలోనైన జరుగగల విషయమే. చరిత్రను పరిశీలించినచో ఈ యంత్రములు పుట్టిన తీరు వేరు. 1655వ ప్రాంతమున జర్మనీయందు, న్యూరెంబర్గు సమీపమున, స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అను గడియారముల పనివాడు, తన కాళ్లు పనిచేయనందున, చేతిపిడి త్రిప్పిన కదలు మూడు చక్రముల బండిని తనకొఱకు తానే నిర్మించుకొనెను. నేడు మన శిబిరములలో పంచిపెట్టు చేతి ట్రైసైకిలు ఆ బండి వంశములోనిదే. 1930ల నాటి అమెరికాలో, గని ప్రమాదమున వెన్ను విఱిగిన హెర్బర్ట్ ఎవరెస్టు, ఇంజనీరగు తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్సుతో కలసి, కారులో పట్టునట్లు మడచుకొను లోహపు కుర్చీని చేసెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము కెనడాదేశమున జార్జి క్లైన్ అను ఇంజనీరు విద్యుత్తు కుర్చీని రూపొందించినది, మెడకు గాయమై చేతులు కూడ చచ్చుబడిన సైనికుల కొఱకు. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క శరీరముయొక్క అవసరమునుండి పుట్టినది; మనము ఆ శరీరమును మఱచి యంత్రమును మాత్రమే బేరమాడుచున్నాము.

చేతికుర్చీ యనగానే మన మనస్సునకు వచ్చునది ఆసుపత్రి వరండాలోని కుర్చీ. దానివలననే చేతికుర్చీకి చెడ్డపేరు వచ్చినది. రోగిని ఒక గదినుండి మరియొక గదికి ఇంకొకరు త్రోసికొనిపోవుటకు అది చేయబడినది. వచ్చిన ప్రతివానిని మోయవలసినది కావున ఎవ్వరి కొలతకును సరిపోదు. ఇనుపగొట్టములతో దాని బరువు సుమారు 18, 20 కిలోలు. సీటు వెడల్పు 18 అంగుళములు. కూర్చుండుచోట ఊయలవలె క్రుంగు రెక్సిన్ గుడ్డ. సన్నని నడుముగల యువకుడు అందులో కూర్చున్నచో మోచేతులు ప్రక్కలకు చాచినగాని చక్రము అందదు. కటి ఒకవైపునకు వ్రాలును, వెన్నెముక వంగును, త్రోపు ప్రతిసారియు భుజముమీదనే పడును. పరుల చెప్పులు తొడిగించి పరుగెత్తుమన్నట్టి ఆ స్థితిని చూచి, "వీడి చేత కాదు, బ్యాటరీది కొనాల్సిందే" అని పెద్దలు తీర్మానింతురు. ఆ యువకునికే, నడుము కొలతకు సరిపోవు సీటుతో, పెద్దచక్రముల ఇరుసును కొంచెము ముందునకు జరిపి, 10, 12 కిలోలకు మించని కుర్చీ నిచ్చినచో, పది అడుగులకే రొప్పినవాడు వీథి చివరవఱకు పోయిరాగలడు. ఇరుసు ముందునకు జరిగిన కొలది బరువు పెద్దచక్రములమీదికి వచ్చి, ముందరి చిన్నచక్రములు తేలికయై, కుర్చీ సులభముగా దొరలును. అయితే వెనుకకు తిరగబడు భయమును దానితోనే పెరుగును గనుక, ఆ సర్దుబాటు నేర్పుగలవారి చేతిలో జరుగవలెను. మద్రాసు ఐఐటీవారు 2025లో వెలువరించిన తేలిక కుర్చీ బరువు 9 కిలోలు మాత్రమే.

చేతికుర్చీలో కూర్చున్నవారి జీవితము కుంచించుకొనిపోవునని తలచువారికి డాక్టరు మేరీ వర్గీసు పేరు జ్ఞాపకము చేయుదును. 1954లో కారు ప్రమాదమున ఆమె వెన్నెముక దెబ్బతిన్నది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు, కుర్చీలో కూర్చుండియే, కుష్ఠువ్యాధిచే వంకరపోయిన చేతులకు ఆమె శస్త్రచికిత్సలు చేసెను. అనంతరము విదేశములందు పునరావాస వైద్యమును అభ్యసించి వచ్చి, 1966లో వేలూరున వెలసిన పునరావాస సంస్థకు ప్రాణముపోసెను. రాయలసీమనుండి నేటికిని వెన్నెముక రోగులు వేలూరికి పోవుచునే యున్నారు. బెంగుళూరున 1959లో వికలాంగుల సంఘమును స్థాపించిన ఎన్.ఎస్. హేమగారు స్వయముగా పోలియో బారిన పడి చక్రాల కుర్చీ నాశ్రయించినవారే.

చక్రముల మాట యెట్లున్నను, ఏ దుకాణములోను ఎవ్వరును అడుగని వస్తువొకటి కలదు. అది దిండు. వెన్నెముక దెబ్బతిన్నవారిలో పెక్కుమందికి పిరుదుల చర్మమునందు స్పర్శ యుండదు. గంటలకొలది ఒకేచోట ఒత్తిడి పడినచో రక్తము పాఱక ఆ చర్మము చనిపోవును. నొప్పి లేదు గనుక తెలియదు. బట్టపై తడి కనబడునప్పటికి పుండు ఎముకను తాకియుండును. అట్టి పుండ్లు చీముపట్టి ప్రాణములు పోయిన యిండ్లు మన జిల్లాలలో ఎన్నియో కలవు. బళ్లారి వేసవిలో చెమటకు చర్మము నాని, ఈ ప్రమాదము ఇనుమడించును. ఇంటి దూదిదిండు నాలుగు దినములకే పలచబడి పలకవలె నగును. తగినంత మందము గలిగి, ఎముకలు ఆనుచోట ఒత్తిడి తగ్గునట్లు కోయబడిన నురుగుదిండు కావలెను. చేతులలో బలమున్నవాడు పావుగంటకో అరగంటకో ఒకసారి తన్ను తాను పైకెత్తుకొని ఆ ఒత్తిడిని దింపవలెను. అట్లు ఎత్తుకొనలేనివానికి సీటుతోసహా వెనుకకు వాలు కుర్చీ ప్రాణరక్షకము. మీట నొక్కి తానే వాల్చుకొను ఏర్పాటు బ్యాటరీ కుర్చీలలో కొన్నిటియందు మాత్రమే లభించును. లక్షరూపాయల కుర్చీ కొని దానిపై పాత దుప్పటి మడచి వేసికొనువారికంటె, సామాన్యమైన కుర్చీపై మంచి దిండు వేసికొన్నవారు ఎక్కువకాలము జీవింతురని నేను నమ్ముచున్నాను.

ఇక దారి. నల్లరేగడి నేలలో చిన్నచక్రమునకు మించిన శత్రువు లేదు. ఆసుపత్రి కుర్చీ ముందరి చక్రములు చిన్నవి, సన్ననివి, గట్టి రబ్బరువి. గులకరాయి తగిలినను ఆగును, మెత్తని దుమ్ములో నాగలివలె దిగును. అమెరికాలో రాల్ఫ్ హాచ్‌కిస్ అను ఇంజనీరు, తానే వెన్ను విఱిగి కుర్చీ నాశ్రయించినవాడు, బీదదేశముల దారులకు తగిన రఫ్‌రైడర్ అను కుర్చీని రూపొందించుటలో ముందరి చక్రములను వెడల్పుగాను, ఇరుసులమధ్య దూరమును పొడవుగాను చేసినది ఈ కారణము చేతనే. ఆ దేశముల వెల్డింగు పనివారు తమచేతులతో బాగుచేయగల నిర్మాణము దానిది. మోకలోను, బళ్లారిలోను సైకిలు బాగుచేయువారికి కొదువ లేదు. ట్యూబు పంక్చరు, ఊచ విఱుగుట, బేరింగు అరుగుట వారికి నిత్యకృత్యము. సైకిలు దుకాణమున దొరకు ట్యూబుకు సరిపోవు చక్రమున్న కుర్చీ ఒకపూటలో మరల దారిపై నుండును. బ్యాటరీ కుర్చీ కంట్రోలరు చెడినచో అది పెట్టెలో బెంగుళూరికి పోవలెను; అది తిరిగివచ్చువఱకు దానిలో కూర్చుండవలసినవాడు మంచముపై నుండవలెను. కొనుటకు ముందు ధర అడుగువారు, చెడినప్పుడు ఎవరు బాగుచేయుదురని కూడ అడుగవలెను.

ఇంతవఱకు చదివినవారు నేను చేతికుర్చీ పక్షమున వాదించుచున్నానని తలంపవచ్చును. ఆ వాదమునకు హద్దు కలదు. ఆ హద్దు భుజము. భగవంతుడు భుజమును నడచుటకు చేయలేదు. చేతికుర్చీవాడు ప్రతిదినము వేలసార్లు చక్రమును త్రోయును, మంచమునకును కుర్చీకిని మధ్య పలుమార్లు తన బరువునంతయు చేతులపై మోసికొనును. పదేండ్లు, పదునైదేండ్లు గడచునప్పటికి భుజపు స్నాయువులు అరిగి, రాత్రివేళ ప్రక్కకు తిరిగి పడుకొనుటయే కష్టమగును. వెన్నెముక గాయములు గలవారి చేతుల సంరక్షణకై అమెరికా వైద్యులు 2005లో వెలువరించిన మార్గదర్శక గ్రంథమునందు, కుర్చీ వీలైనంత తేలికగా నుండవలెననియు, త్రోపు పొట్టిగా పలుమార్లు గాక దీర్ఘముగా, మృదువుగా నుండవలెననియు, భుజములు పాడగు ప్రమాదము హెచ్చుగా నున్నవారు నొప్పి ముదరకముందే యంత్రచోదిత కుర్చీని గూర్చి ఆలోచింపవలెననియు చెప్పబడినది. మన దేశమున సహజ పోలియో వైరసువలన కలిగిన చివరి కేసు 2011 జనవరి 13న నమోదైనది. కాని బాల్యమున పోలియో సోకి, చేతులపై ప్రాకుచు, కఱ్ఱలతో నడచుచు, చేతి ట్రైసైకిలు త్రిప్పుచు బ్రతికినవారు నేడు ఏబదియవ, అరువదియవ పడిలో నున్నారు. వారి చేతులలో బలము క్రమముగా సన్నగిల్లుచున్నది. "ఇన్నేళ్లు తిప్పుకున్నావు కదా, ఇప్పుడేమొచ్చింది?" అని వారిని అడుగుట నిర్దయ. ఇన్నేండ్లు త్రిప్పుకొనుటచేతనే యిప్పుడు వచ్చినది.

మెడకు గాయమైనవారు, కండరక్షయము గలవారు, మస్తిష్క పక్షవాతము గలవారు, హృద్రోగముతో రెండడుగులకే ఆయాసపడు వృద్ధులు, వీరికి చేతికుర్చీ యన్నచో ఇంకొకరు త్రోయు కుర్చీ యనియే అర్థము. త్రోయువాడు ఎటు త్రోసిన అటు పోవలెను, వాడు లేనప్పుడు నిలువవలెను. జాయ్‌స్టిక్కును వ్రేలితో తాకినంతనే తానుగా కిటికీదగ్గఱకు పోగలుగుట ఇతరులకు అల్పవిషయముగా తోచవచ్చును. ఇరువదియేండ్లు వచ్చినను తన దిక్కును తాను ఎన్నుకొనని మనుష్యునకు అది జీవితమే. పిల్లల విషయమున మన పెద్దలకు ఒక భయము గలదు: మోటారు అలవాటైనచో పిల్లవాడు సోమరియగునని. నడువలేని పసిపిల్లలు యంత్రచోదిత బండ్లను రెండు మూడేండ్ల ప్రాయమునందే నడుప నేర్చుకొనగలరనియు, అట్లు కదలగల్గుటవలన వారి మాట, ఆట, కుతూహలము వృద్ధియగుననియు పునరావాస వైద్యులు చిరకాలముగా చెప్పుచున్నారు. కదలనిచ్చుటవలన ఎవ్వరును సోమరులు కారు.

నిర్ణయమున స్త్రీల మాట ఇంకను తక్కువగా వినబడును. కుర్చీ ఎన్నుకొనునప్పుడు తండ్రియో భర్తయో త్రోయుటకు అనువైనదానిని ఎన్నుకొందురు గాని, ఆమె స్వయముగా మరుగుదొడ్డికి పోవుటకు అనువైనదానిని ఎన్నుకొనరు. చీరకొంగు ఊచలలో చిక్కి పడిపోవుట నిజమైన ప్రమాదము. చక్రమునకును సీటునకును మధ్య ప్రక్కపలక యుండవలెనని అడుగుటకు ఆమెకు అవకాశమే యుండదు. బళ్లారి జీన్స్ కుట్టుపనికి ప్రసిద్ధి కెక్కినది. మిషను బల్లక్రిందికి మోకాళ్లు పోవునా, చేతిదన్ను తొలగించుటకు వీలగునా యను రెండు విషయములమీద ఒక స్త్రీ కూలి యాధారపడియుండవచ్చును. బ్యాటరీ కుర్చీలు పెక్కింటియందు సీటు ఎత్తుగా నుండుటచే బల్లక్రింద పట్టవు.

బ్యాటరీ కుర్చీ కోరువారు ముందుగా టేపు తీసికొని ఇల్లు కొలువవలెను. చేతికుర్చీకైనను సీటు వెడల్పునకు ఇరువైపుల చక్రముల కొఱకు 7, 8 అంగుళములు కలుపవలెను. 16 అంగుళముల సీటున్న కుర్చీకి రెండడుగుల తలుపు చాలీచాలకుండ నుండును, చేతివ్రేళ్లు ద్వారబంధమునకు ఒరసికొనును. బ్యాటరీ కుర్చీ తిరుగుటకు అయిదడుగుల చదరము ఖాళీ యుండుట మేలు. వాలుదారికి ప్రమాణము పన్నెండింటికి ఒకటి. అడుగున్నర యెత్తుగల అరుగునకు 18 అడుగుల వాలు కావలెను, అంత వాలు వేసినచో అది వీథిలో సగము ఆక్రమించును. చేతికుర్చీవాడైనచో ఇద్దఱు బంధువులు మెట్లపై ఎత్తి దింపగలరు. అభ్యాసమున్నవాడు ముందరి చక్రములు పైకెత్తి, వెనుకచక్రములపై నిలిచి, చిన్న గడపను తానే దాటగలడు. సామాన్యమైన బ్యాటరీ కుర్చీ బరువే మనిషి బరువంత యుండగా, మనిషితోసహా దానిని ఎవరెత్తగలరు? ఆలూరు బస్సులోనికి అది ఎక్కదు. ఆటోలో మడచి పెట్టుటకు పెక్కింటికి వీలులేదు. కర్ణాటకమున గృహజ్యోతి పథకము 2023నుండి నెలకు 200 యూనిట్లవఱకు ఉచితముగా నిచ్చుచున్నందున ఛార్జింగు ఖర్చు పెద్దభారము కాదు. భారమంతయు బ్యాటరీ మార్చు నాడు వచ్చును. సీసపు బ్యాటరీలను ఛార్జి లేకుండ వారములకొలది విడిచినచో అవి లోలోపల చెడిపోవును. కుర్చీ వాడినను వాడకున్నను వాటిని ఛార్జి చేయుచుండవలెనని కొన్నవారికి చెప్పువారుండరు.

చేతికుర్చీకిని బ్యాటరీ కుర్చీకిని నడుమ మూడవ మార్గమొకటి మనదేశమునందే యేర్పడినది. మద్రాసు ఐఐటీయందు ఆచార్య సుజాతా శ్రీనివాసన్ నేతృత్వమున పరిశోధనలు జరిగి, 2020లో నియోమోషన్ సంస్థ ద్వారా వెలువడిన నియోఫ్లై కుర్చీ కూర్చుండువాని కొలతలకు తగినట్లు చేయబడు చేతికుర్చీ. నియోబోల్ట్ అను మోటారుచక్రమును దాని ముందుభాగమునకు తగిలించినచో అది మూడు చక్రముల స్కూటరగును, ఒక ఛార్జికి సుమారు 25 కిలోమీటర్లు పోవును. వెలువడిన నాడు కుర్చీ వెల సుమారు 40 వేలు, మోటారు వెల 55 వేలు. ఇంటిలో చేతికుర్చీ, వీథిలో మోటారుబండి, కుర్చీనుండి దిగనక్కఱలేదు. శిబిరములలో నిచ్చు చేతి ట్రైసైకిలునకును బ్యాటరీ ట్రైసైకిలునకును ఉన్న లోపము ఇదియే: అవి దారికి మంచివి గాని గడపదగ్గఱ ఆగిపోవును, అచ్చటినుండి ఆ మనుష్యుడు నేలపై ప్రాకుచు లోనికి పోవలెను. ట్రైసైకిలు ఇచ్చితిమి గనుక కుర్చీ అక్కఱలేదని భావించుట, చెప్పులు వాకిట విడిచినవాడు కాళ్లను కూడ విడువవలెననుట యగును.

ఇచ్చట ప్రభుత్వమును గూర్చి కొంత కటువుగా చెప్పక తప్పదు. వికలాంగులకు ఉపకరణములిచ్చు కేంద్రప్రభుత్వ ఆడిప్ పథకము 1981నుండి నడచుచున్నది. కాన్పూరులోని అలిమ్కో యను ప్రభుత్వ సంస్థ 1972లో స్థాపితమై లక్షలాది వికలాంగులకు ఉపకరణముల నందించినది. ఆ సేవ తక్కువది కాదు. కాని శిబిరమునందు లారీనిండ వచ్చిన కుర్చీలను వరుసగా నిలిపి, ఫొటో తీసి పంచుట సేవలో సగమైనను కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లోనే చేతికుర్చీల పంపిణీకై మార్గదర్శకములు ప్రకటించి, మనిషిని పరీక్షించుట, తగినది నిర్ణయించుట, శరీరమునకు సర్దుట, నడుప నేర్పుట, పిదప మరల వచ్చి చూచుట యను పనులన్నియు కలసినగాని అది కుర్చీ నిచ్చుట యనిపించుకొనదని చెప్పినది. ఆ పనికై 2012లో శిక్షణగ్రంథమును గూడ వెలువరించినది. దాని ప్రాథమిక శిక్షణకు సుమారు ఒక వారము చాలును. కర్ణాటకమున గ్రామపంచాయతీలయందు గ్రామీణ పునర్వసతి కార్యకర్తలున్నారు. వారిలో అధికసంఖ్యాకులు స్వయముగా అంగవైకల్యము గలవారు. వారికి పింఛను కాగితములు వ్రాయు పనిని మాత్రమే అప్పగించి, టేపుతో నడుము కొలుచుట, ఇరుసు జరుపుట, దిండుక్రింద చేయిపెట్టి ఒత్తిడి చూచుట నేర్పకుండుట శోచనీయము. మోక హోబళిలో, అనగా ఆ చుట్టుపట్ల గ్రామముల సముదాయమున, అట్టి శిక్షణ పొందినవారు ఇద్దఱున్నను, బళ్లారిలో విమ్స్ అని జనులెరిగిన ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రినుండి ఇంటికి పోవు రోగికి కుర్చీయొక్క నిర్ణయము మందుచీటీవలె వ్రాసి యిచ్చు విభాగమొకటి యున్నను, ఈ వ్యాసములో సగము అనవసరమగును.

సరిహద్దున ఇంకొక చిక్కు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టముప్రకారము ఒక రాష్ట్రమున నిచ్చిన వైకల్య ధ్రువపత్రము దేశమంతట చెల్లును. కాని పింఛనులు, రాష్ట్రప్రభుత్వములిచ్చు వాహనములు నివాసమునుబట్టి వచ్చును. హగరికి అవతల ఆలూరులో తీవ్రవైకల్యముతో మంచముపట్టిన మేనమామకు 2024 జూలైనుండి ఆంధ్రలో నెలకు 15 వేల రూపాయల పింఛను నిర్ణయమైనది. అట్టి దశలోనే యున్న మోకలోని మేనల్లునకు ఆ హక్కు లేదు. రాష్ట్రములు పింఛనులలో భేదింపవచ్చును. కుర్చీ బాగుచేయు కేంద్రమును మాత్రము ఇరువైపులవారు వాడుకొనునట్లు బళ్లారియందో ఆదోనియందో నెలకొల్పుటకు ఏ చట్టమును అడ్డురాదు.

దారిని మార్చు బాధ్యతయు ప్రభుత్వముదే. వికలాంగుల హక్కుల చట్టముక్రింద నియమములు వెలువడిన నాటినుండి అయిదేండ్లలో, అనగా 2022 జూను నాటికి, ఉన్న ప్రజోపయోగ భవనములన్నియు వికలాంగులకు ప్రవేశయోగ్యములు కావలసియుండెను. రాజీవ్ రతూరి వ్యాజ్యమున 2024 నవంబరు 8వ తేదీన సుప్రీంకోర్టు, ఆ నియమములలోని 15(1)వ నియమము చట్టమునకు విరుద్ధమనియు, ప్రవేశసౌకర్యముల ప్రమాణములు సలహాలుగా గాక విధిగా పాటింపవలసినవిగా నుండవలెననియు తీర్పు చెప్పినది. పంచాయతీ కార్యాలయము, రేషను దుకాణము, బడి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, ఈ నాలుగింటి గుమ్మములకు సరియైన వాలు, వాటిని కలుపు సిమెంటు దారిపై చెత్తకాలువ మూతలు సమముగా నుండుట, ఇంతమాత్రము జరిగినను, నేడు "బ్యాటరీది తప్ప గతిలేదు" అని తలచువారిలో కొందఱికి చేతికుర్చీయే చాలును, బ్యాటరీ కుర్చీ కొన్నవారికి అది వసారా దాటును.

మొదట చెప్పిన ఆ మోక యువకుడు నా మాట అడిగినచో ఇట్లు చెప్పుదును. చేతులు బాగుగ నున్నవి గనుక, కొలతకు చేసిన తేలిక చేతికుర్చీని, మంచి దిండును మొదట సంపాదించుము. బెంగుళూరు అన్న పంపు డబ్బులో మిగిలినదానితో తగిలించుకొను మోటారును కొనుము. పొలముగట్లవఱకు, బళ్లారి రోడ్డువఱకు భుజములతో పోవలదు. భుజమున నొప్పి మొదలైన నాడు సిగ్గుపడక బ్యాటరీ కుర్చీ నడుగుము. చేతులు పనిచేయని నీ పొరుగింటి పిల్లవానికి నేడే బ్యాటరీ కుర్చీ కావలెను, దానితోపాటు కరెంటుపోయిన దినమునకు ఒక మామూలు చేతికుర్చీయు కావలెను; ఇన్ని సంవత్సరములకు ఒక్క వస్తువే యను ప్రభుత్వనియమము అట్టి పిల్లల విషయమున సడలింపబడవలెను. బ్యాటరీ కుర్చీ నిచ్చు ప్రతి కార్యాలయమును, రెండవ, నాలుగవ సంవత్సరములలో మార్చవలసిన బ్యాటరీల సొమ్మును కూడ ఆ దినముననే మంజూరుచేసి, ఆ కాగితమును కుర్చీతోపాటే యింటికి పంపవలెను.